చీరాల-పేరాల వలస: పన్ను, ప్రజాసమ్మతి

ప్రభుత్వమునకు పన్ను విధించు నధికార మెంతవఱకు గలదు? దానికి జనుల సమ్మతి వలయునా? ఈ ప్రశ్నలను గ్రంథములలో చదివినవారు పెక్కండ్రు. ఇల్లు వాకిళ్లు విడిచి యడిగినవారు చీరాల, పేరాల వాసులు. నేతపనికి పేరుగాంచిన యా యూళ్ల వృత్తాంతము మహాసభకు విచ్చేసిన సోదరీసోదరులకు, సంఘపోషకులకు క్రొత్తది కాకున్నను, అందలి ధర్మసూక్ష్మ మొకటి మఱల విచారింపదగియున్నది.

అప్పు డవి గుంటూరు మండలములోనివి. యూనియను పాలనలో జనులు చెల్లించు పన్ను ఏటికి సుమారు 4,000 రూపాయలు. 1919-20 ప్రాంతమున మద్రాసు ప్రభుత్వము రెంటిని గలిపి మునిసిపాలిటీ యేర్పఱుపగా నది సుమారు 40,000 కెక్కెను. మగ్గముపై బ్రతుకువారికి మోయరాని బరువు! మునిసిపాలిటీ వలదని ప్రజలు పెట్టుకొన్న విన్నపములు ఫలింపలేదు. పురపాలనము స్వపరిపాలనమునకు తొలిమెట్టని దొరలు చెప్పుచుండిరి గదా. వలదనువారి నెత్తిన రుద్దినది స్వపరిపాలన మెట్లగును?

పన్ను నిరాకరించినవారు చెఱసాల కేగిరి. అం దొక స్త్రీయు నుండెను. 1921 ఏప్రిల్ 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు విచ్చేసి, శాంతముతో పన్ను నిరాకరించుటయో, ఊరు విడుచుటయో యని రెండు మార్గములు చూపెను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు రెండవదానినే వరించిరి. సుమారు 15,000 మందిలో 13,000 మందికి పైగా పొలిమేర దాటి, పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడి, ఎండకును వానకును ఓర్చి పదునొకండు నెలలు నివసించిరి. గుంటమగ్గము పెఱికి భుజాన వేసికొని పోవునది కాదు. ఇల్లు విడుచుటయనగా నేతవానికి కూడు విడుచుటయే. రామదండు వారికి కావలి గాచెను.

గోపాలకృష్ణయ్యగారు 144వ సెక్షను ననుసరించిన నిషేధమును ధిక్కరించి బరంపురమున నుపన్యసించినందున ఒక సంవత్సరము శిక్ష పొందిరి. నాయకుడు లేమి నుద్యమము సడలెను, జనులు తిరిగివచ్చిరి, మునిసిపాలిటీ నిలిచెను.

మన రాజ్యాంగము 265వ అధికరణము శాసనాధికారము లేక పన్ను వసూలుచేయరాదనుచున్నది. అయిన నాడు చీరాలలో శాసన ముండెను; లేనిది సమ్మతి. 1993లో నమలునకు వచ్చిన 74వ సవరణము పురపాలకసంఘములకు ఎన్నికలను, అయిదేండ్ల గడువును స్థిరపఱచెను. ఊరిని పురముగా మార్చునపుడు జనసంఖ్య, జనసాంద్రత, ఆదాయము మున్నగువానిని గవర్నరు పరిశీలింపవలెనని అందలి 243-క్యూ అధికరణము చెప్పును. ఆ పట్టికలో ఊరివారి సమ్మతి కానరాదు.