ఎర్రబంతికి అన్నం పెట్టేదెవరు?

హైటెక్ సిటీ ఆఫీసు బల్లల మీద, కొండాపూర్ ఫ్లాట్ల కిటికీల్లో, పచ్చని కాడ నెత్తిన ఎర్రబంతి మోసే బుల్లి ముళ్లమొక్కను చూసే ఉంటారు. బంతిని పువ్వనుకునేరు! అదీ బ్రహ్మజెముడుకు చుట్టమే.

1941లో జపానులో వతనాబే గారి నారులో ఎర్రటి మొలకలు కొన్ని కనిపించాయి. పచ్చదనం లేని మొక్క తన తిండి తాను వండుకోలేదు కదా, వదిలేస్తే చచ్చేవే. ఆయన వాటిని వేరే పచ్చ జెముడు మీద అంటుకట్టి నిలబెట్టారు. ఆ రకమే దేశదేశాలకూ పాకింది.

ఇప్పుడు కింది కాడ తరచు డ్రాగన్ ఫ్రూట్ జాతిది. వంట దానిదే గనుక, ఏసీ గది చీకటి మూలన పెడితే ఇద్దరికీ పస్తే! కిటికీ వెలుతురు చాలు, మండుటెండ వద్దు. మట్టి పూర్తిగా ఎండాకే నీళ్లు. కాడ కుళ్లుతోందా, బంతి గట్టిగా ఉండగానే కొత్త కాడకు అంటుకట్టించండి.