అమ్మకు మన భాష తెలుస్తుందా?

గుణదల తిరునాళ్ళకని మా ఎదురింటి పిన్నితో కలిసి పలాసలో రైలెక్కాను. ఆవిడ సంచిలో అయిదు ఉద్దానం కొబ్బరికాయలున్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తోటంతా కూల్చేస్తే, మిగిలిన నాలుగు చెట్ల కాయలవి. బాబాయిగారికి కిడ్నీ జబ్బు, డయాలిసిస్ జరుగుతోంది. ఆయన కోసమే ఈ మొక్కు. వాళ్ళు క్రైస్తవులు కారు. అయినా మొక్కుకు మతం అడ్డేమిటి!

"ఏటమ్మా, బెజవాడ ఎన్నింటికెల్తాది?" అని పిన్ని అడిగిందో లేదో, ఎదుటి సీటులోని అమ్మాయి కిసుక్కున నవ్వింది. "మీ మాటలు అచ్చం సినిమాలో కామెడీలా ఉన్నాయండీ" అంది. పిన్ని ముఖం చిన్నబోయింది. చాలాసేపటికి నా చెవి దగ్గర, "ఆ కొండమీది తల్లికి మన బాస తెలుస్తాదంటావేటి?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు చరిత్రలోనే ఉంది. నాకు తెలిసినంత చెప్పాను.

విజయవాడ గుణదల కొండమీద 1924లో మేరీమాత విగ్రహాన్ని నిలిపినవారు ఫాదర్ అర్లాటి. అక్కడి సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమానికి ఆయన అధిపతి. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా ఉత్సవాలు. జనం తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు, మెట్లెక్కి కొండకొమ్మున ఉన్న సిలువ దాకా వెళ్తారు. మన ఊళ్ళ తిరునాళ్ళకూ దానికీ పెద్ద తేడా కనబడదు. మరి ఫిబ్రవరి 11నే ఎందుకు? అక్కడ పూజలందుకునేది లూర్దు మాత. కథ ఫ్రాన్సు దేశంలో మొదలవుతుంది.

లూర్దు, కొండల నడుమ చిన్న ఊరు. అక్కడ బెర్నదెత్ అనే పధ్నాలుగేళ్ళ గుంట ఉండేది. తండ్రి పిండిమర చితికిపోయింది. ఒకప్పుడు జైలుగా ఉన్న ఒంటిగదిలో కాపురం. పిల్లకు ఉబ్బసం, పైగా చదువు రాదు. ఫ్రెంచి కూడా సరిగా రాదు, ఆ కొండల మాండలికం ఒక్కటే వచ్చు. 1858 ఫిబ్రవరి 11న పుల్లలేరడానికి వెళ్ళి, ఏటి ఒడ్డు గుహలో తెల్లని బట్టలతో వెలుగుతున్న రూపాన్ని చూశానంది. ఎవరని చెప్పడానికి మాట చాలక, తన యాసలో "అది" అనే అంది!

అలా పద్ధెనిమిది సార్లు కనిపించిందట. మూడోసారి, దయచేసి పదిహేను రోజులు ఇక్కడికి వస్తారా అని అడిగిందట. "నన్ను మీరు అంది" అని బెర్నదెత్ అబ్బురపడింది. అంతవరకూ ఆ పేదపిల్లను మన్నించి పిలిచినవారెవరు? పోలీసు కమిషనరు పిలిపించి గద్దించాడు. ఊరి ఫాదరు, ముందు ఆమె పేరేమిటో అడిగి రమ్మన్నాడు. మార్చి 25న ఆ తల్లి తన పేరు చెప్పింది. ఫ్రెంచిలో కాదు, లాటిన్‌లో అంతకన్నా కాదు. ఆ పిల్ల యాసలోనే, తాను అమలోద్భవినని చెప్పింది. అంటే పాపపు మరక లేకుండా పుట్టినదని. అర్థం తెలియని ఆ మాటను మరిచిపోతానేమోనని దారి పొడుగునా వల్లించుకుంటూ వెళ్ళి అప్పజెప్పింది బెర్నదెత్. ఫాదరు నిర్ఘాంతపోయాడు. పోపుగారు ఆ సిద్ధాంతాన్ని ప్రకటించి అప్పటికి నాలుగేళ్ళే. చదువు రాని పిల్లకు ఆ పెద్దమాట ఎక్కడిది? విచారణ సాగి సాగి, 1862లో బిషప్పు ఆమె చెప్పింది నిజమేనన్నారు.

తర్వాత విగ్రహం పని ఫాబిష్ అనే పేరున్న శిల్పికి అప్పజెప్పారు. ఆయన బెర్నదెత్‌ను అన్నీ అడిగి, చలువరాతిలో అందమైన నిండు స్త్రీని చెక్కాడు. 1864లో గుహలో ప్రతిష్ఠించారు. చూసిన పిల్ల మాత్రం, బాగుంది గానీ ఇది ఆమె కాదంది. తనకు కనిపించినది తనంత చిన్నదట! పెద్దవాళ్ళు ఆ మాట విన్నారు, కానీ ఊహించుకున్నది మాత్రం వాళ్ళ ఊహే. లోకంలో లూర్దు మాత విగ్రహాలకు ఆ చలువరాతి బొమ్మే ఒరవడి అయింది. బెర్నదెత్ 1866లో కన్యల మఠంలో చేరి, ముప్ఫై అయిదేళ్ళకే 1879లో కన్నుమూసింది. 1933లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు.

పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. "అయితే ఆ గుంట బాసలోనే మాటాడిందన్నమాట" అంది చివరికి.

కిడ్నీ జబ్బుకు పలాసలో పెద్దాసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు గానీ, అంతకుముందు పట్నం పోవలసి వచ్చేది. అక్కడ ఒక ఆసుపత్రిలో పిన్ని మాటకు ఎవరో నవ్వారట. ఆనాటి నుంచి డాక్టరు దగ్గర నోరు విప్పడం మానేసింది. బాబాయిగారికి రాత్రి ఎక్కడ నొప్పెట్టిందో, కాళ్ళెప్పుడు పొంగాయో ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. అయినా తల వంచుకుని నిలబడేది.

గుణదలలో కొబ్బరికాయ కొట్టి, అంతమంది జనంలో గొంతెత్తి, "ఒలమ్మా, నా మనిసిని సల్లగా సూడు" అంది. చుట్టూ ఒకళ్ళూ నవ్వలేదు.

మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకుంది. "మంగళారం డాక్టరుబాబు కాడికెల్లాలి. ఈ పాలి నానే సెప్తాను, అన్నీ" అంది.