నాలుగు పుల్లలిచ్చినవాడి పాట

మంట దగ్గరకి జరగండర్రా. ఆ ఎండుపుల్లలు ఇలా అందించు నాయనా. చలిలో పుల్లలిచ్చినవాణ్ణి పాటలో నిలబెట్టిన మహానుభావుడి సంగతి చెబుతాను.

పేరు జార్జ్ బ్రాసెన్స్. ఫ్రాన్సులో దక్షిణాన సెట్ అని రేవుపట్నం ఉంది, అక్కడ 1921లో పుట్టాడు. తండ్రి తాపీమేస్త్రీ. తల్లిది ఇటలీ నుంచి వచ్చిన కుటుంబం. బడిలో బోనాఫే అనే మాస్టారు ఆ పిల్లాడికి కవిత్వం పిచ్చి ఎక్కించాడు. అయినా కుర్రతనం కదా, స్నేహితులతో కలిసి నగలు కాజేసి పోలీసులకి దొరికిపోయాడు. తండ్రి స్టేషనుకి వచ్చి పల్లెత్తు మాట అనలేదు. తర్వాతెప్పుడో దానిమీద పాట కట్టాడు బ్రాసెన్స్. అందులో ఆ తండ్రి కొడుకుని పలకరించి, తన పొగాకు సంచి చేతికందిస్తాడు. అంతే. అలాంటి తండ్రి అందరికీ దొరకడర్రా!

ఊళ్లో తలెత్తుకోలేక 1940లో పారిస్‌లో పిన్ని ఇంటికి చేరాడు. రెనో కార్ల ఫ్యాక్టరీలో పని దొరికింది గానీ, కొన్నాళ్లకే రెండో ప్రపంచయుద్ధంలో దానిమీద బాంబులు పడ్డాయి. అప్పుడు గ్రంథాలయంలో కూర్చున్నాడు. ఎప్పటివాడో వియోన్ మొదలుకొని కవులందర్నీ నమిలి మింగాడు. పద్యం నడక ఎలా కుదురుతుందో తనంతట తనే పట్టుకున్నాడు.

1943లో, ఫ్రాన్సుని ఆక్రమించిన జర్మన్లు వెట్టిపనికి పట్టుకుపోయి, బెర్లిన్ దగ్గర బాస్‌డార్ఫ్‌లో విమానాల ఇంజన్లు చేసే ఫ్యాక్టరీలో పడేశారు. మరుసటేడు సెలవు మీద వచ్చినవాడు మళ్లీ వెళ్లలేదు. దాక్కోవాలి కదా! ఫ్లోరిమాన్ అని, అవతలికి దారిలేని సందు ఒకటి. అక్కడ జాన్, మార్సెల్ అనే దంపతులు చోటిచ్చారు. ఆవిడ బట్టలు కుట్టేది, ఆయన కార్లకి రంగులు వేసేవాడు. ఇంట్లో కరెంటు లేదు, గ్యాసు లేదు, కుళాయి లేదు. కుక్కలు, పిల్లులు మాత్రం బోలెడు, ఒక బాతు కూడా. ఆ బాతు మీదా పాట ఉంది! పట్టుబడితే దాచినవాళ్ల ప్రాణం మీదకే వస్తుంది. అయినా దాచారు. యుద్ధం అయిపోయాకా పొమ్మనలేదు. చేతిలో చిల్లిగవ్వ లేని మనిషిని ఏళ్ల తరబడి కూర్చోబెట్టి అన్నం పెట్టారు.

1952లో పటాషు అనే గాయని దగ్గరకి తీసుకెళ్లారు స్నేహితులు. మోన్‌మార్త్ర్ కొండ మీద ఆవిడ పాటల హోటలు. తను కట్టిన పాటలు ఆవిడకిచ్చేద్దామనే వెళ్లాడు. సభ అంటే వణుకు ఆయనకి, చెమటలు పట్టేసేవి. కొన్ని పాటలు నువ్వే పాడాలని ఆవిడ పట్టుబట్టింది. కుర్చీ మీద కాలు పెట్టి, గిటారు తొడమీద ఆనించి పాడాడు. ఆ ఏడే దేశమంతా పేరు తెలిసింది. ‘గొరిల్లా’ పాటని రేడియోలో వెయ్యనివ్వకపోయినా జనం పాడుకున్నారు.

1954లో వచ్చింది ‘ఓవెర్న్యా’ పాట, అంటే ఓవెర్న్ ప్రాంతంవాడి పాట. మన యానాంలో ఫ్రెంచి జెండా దిగిన ఏడే. చలికాలంలో నాలుగు పుల్లలిచ్చినవాడికి, ఆకలప్పుడు నాలుగు రొట్టెముక్కలు పెట్టిన తల్లికి దణ్ణం పెట్టే పాట అది. మార్సెల్ కోసమే కట్టాడు. అన్నం పెట్టినవాళ్లని ఇంత నిండుగా తలుచుకున్న పాట నేనింకోటి ఎరగను. డబ్బొచ్చాక ఏ మేడకో మారిపోలేదు. ఆ ఇల్లే కొని, నీళ్లూ కరెంటూ పెట్టించి, 1966 దాకా ఆ సందులోనే ఉన్నాడు.

1967లో ఫ్రెంచి అకాడమీ కవిత్వానికిచ్చే పెద్ద బహుమతి ఇచ్చింది. గిటారు పట్టుకున్నవాడికి కవిత్వ బహుమతా అని గొణిగినవాళ్లూ ఉన్నారు. గొణిగితే గొణిగారు. హ్యూగో పద్యాన్ని, వియోన్ పద్యాన్ని కూలివాడి నోటికి అందించింది ఈయనే కదా!

పేరున్న కవులనే పాడాడనుకునేరు. యుద్ధం రోజుల్లో పాత సామాన్ల సంతలో ఒక చిన్న పుస్తకం కొన్నాడు. రాసింది ఆంత్వాన్ పోల్, ఎవరూ ఎరగని కవి. దారిలో ఎదురై, పలకరించేలోపే వెళ్లిపోయిన ఆడవాళ్ల మీద ఒక పద్యం ఉంది అందులో. దాన్ని ఏళ్ల తరబడి మనసులో తిప్పుకుని 1972లో పాటగా తెచ్చాడు. పోల్ ముందటేడే పోయాడు, వినలేకపోయాడు. ఇప్పుడు ఫ్రాన్సులో ఆ పద్యం వచ్చినవాళ్లు ఎంతోమంది ఉన్నారు.

రేపు పొద్దున పుల్లలిచ్చినవాడి పాట, ఈ పోల్ పాట రెండూ పెడతాను, వినండి. ముందు ఓవెర్న్యా పాట.