అరేలియన్ (పాలన: 270–275)

అరేలియన్ గద్దెనెక్కేనాటికి రోమన్ సామ్రాజ్యం మూడు ముక్కలై ఉంది. పశ్చిమాన గాల్, బ్రిటన్ వేరు కుంపటి పెట్టుకున్నాయి. తూర్పున పాల్మైరా రాణి జెనోబియా ధాన్యాగారమైన ఈజిప్టునే చేజిక్కించుకుంది. సైన్యంలో అంచెలంచెలుగా ఎదిగిన ఈ సేనాని అయిదేళ్లలోనే ఆ ముక్కలను కలిపాడు.

271లో జర్మానిక్ తెగలు ఇటలీలోకి చొరబడి, ప్లాసెంటియా దగ్గర అతన్ని చావుదెబ్బ తీశాయి. అతను తేరుకుని వాటిని తరిమికొట్టాడు. రాజధానికీ రక్షణ లేదని తేలడంతో రోమ్ చుట్టూ సుమారు 19 కిలోమీటర్ల ఇటుక గోడ మొదలుపెట్టించాడు. తొందర ఎంతంటే, దారిలో ఉన్న కట్టడాలను గోడలోనే కలిపేశారు; సెస్టియస్ అనే అధికారి పిరమిడ్ సమాధి నేటికీ అందులో భాగంగానే నిలిచి ఉంది.

272లో జెనోబియా ఓడి బందీ అయింది. మరుసటి ఏడు మళ్లీ తిరగబడిన పాల్మైరాను సైన్యం దోచుకుంది. 274లో గాల్ పాలకుడు టెట్రికస్ కూడా లొంగాడు; అతన్ని చంపకుండా ఇటలీలోనే పదవి ఇచ్చిన అరేలియన్ రాజనీతి మెచ్చదగ్గది. డాన్యూబ్ ఆవలి డాసియాను వదులుకోవడమూ అలాంటి ముందుచూపే.

అతని హయాంలో నాణేల్లో వెండి 5 శాతం దరిదాపులకే పెరిగినా, బరువూ ముద్రా మెరుగుపడ్డాయి. ‘లోకోద్ధారకుడు’ అనే అతని బిరుదు వాటిమీద కనిపిస్తుంది.

275లో, శిక్ష తప్పదని భయపడ్డ ఒక కార్యదర్శి మరణశిక్షల దొంగ జాబితా సృష్టించాడు. అందులో తమ పేర్లు చూసుకున్న అధికారులు థ్రేస్‌లో అరేలియన్‌ను హత్య చేశారు. తర్వాత టాసిటస్ చక్రవర్తి అయ్యాడు.