చంటిబిడ్డ తుంటి కీలు

నెల్లూరు తీరమున ఉన్న కృష్ణపట్నములో గాని, మరే తెలుగు పల్లెలో గాని, బిడ్డను చంకన వేసుకొని పనులు చూచుకొను తల్లులు నిత్యము కనిపింతురు. ఆ బిడ్డ కాళ్ళు తల్లి నడుమునకు ఇరుప్రక్కల ఎడముగా ఉండి, తొడలు కొంచెము పైకి ముడుచుకొని యుండును. ఎవరును ప్రత్యేకముగా గమనింపని ఈ కూర్చుండు తీరునకు వైద్యశాస్త్ర చరిత్రలో సంబంధమున్నది.

తుంటి కీలు రుబ్బురోలు వంటిది. కటియెముకలోని గుంట రోలు. తొడ ఎముక గుండ్రని తల పొత్రము. పసిబిడ్డలో ఈ గుంట చాలవరకు మృదులాస్థియే. తల గుంటలో కుదురుగా ఉన్నప్పుడే గుంట లోతుగా పెరుగును. తల ప్రక్కకు జారినచో అది చదునుగా మిగిలిపోవును. బిడ్డకు నొప్పి ఉండదు కనుక ఇంటివారికి తెలియదు. నడక వచ్చిన తరువాతనే కుంటు బయటపడును.

గర్భములోనే తుంటి తొలగిన బిడ్డలను గూర్చి గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు ఎరుగును. 1826లో పారిస్ శస్త్రవైద్యుడు డ్యూపూయిట్రెన్ ఈ లోపమును వివరముగా వర్ణించెను. శిశువులలోనే దీనిని పట్టు సులభమార్గమును 1937లో ఇటలీలోని ఫెరారా నగరపు పిల్లల వైద్యుడు ఓర్తొలాని ప్రకటించెను: మోకాళ్ళు ముడిచి తొడలను మెల్లగా ఎడము చేసినచో, తొలగిన తల గుంటలోనికి జారుట వైద్యుని చేతికి తెలియును. 1962లో ఇంగ్లండులోని సాల్ఫోర్డునందు బార్లో మరొక పరీక్షను జోడించెను. ఆయన లెక్కలో సుమారు 60 మంది శిశువులలో ఒకరికి తుంటి వదులుగా ఉండెను. వారిలో 100కి 88 మందికి రెండు నెలలలో చికిత్స లేకయే అది బిగిసెను. మిగిలినవారిని గుర్తించుటయే అసలు సమస్య.

ముప్పు ఎవరికి ఎక్కువ? గర్భములో పిరుదులు క్రిందుగా ఉన్న బిడ్డకు కీలుపై వత్తిడి పడును. తొలిచూలు బిడ్డకును, ఉమ్మనీరు తక్కువైన బిడ్డకును చోటు ఇరుకగును. తల్లిదండ్రులకు గాని తోబుట్టువులకు గాని ఈ లోపము ఉన్నచో ముప్పు పెరుగును. మగపిల్లలకంటె ఆడపిల్లలలో ఇది అనేక రెట్లు అధికము. కీళ్ళ కట్లను సడలించు తల్లి హార్మోనులు వారిపై ఎక్కువగా పనిచేయుట ఒక కారణమని భావింతురు.

ఇవి మన చేతిలో లేనివి. మన చేతిలో ఉన్నవి పొత్తిగుడ్డలు. అమెరికాలోని నవాహో తెగవారు బిడ్డ కాళ్ళు చాచి పలకకు కట్టెడివారు. వారిలో ఈ లోపము హెచ్చుగా ఉండెను. జపానులో 1975 ప్రాంతమున, కాళ్ళు చాచి బిగించి చుట్టవద్దని దేశవ్యాప్తముగా ప్రచారము జరిగెను. అంతకుముందు 1000 మందిలో 11 నుండి 35 మందికి ఉన్న వ్యాధి తరువాత 2కు లోపుగా తగ్గెను. బిడ్డను వీపున కట్టుకొను ఆఫ్రికా ప్రాంతములలో ఇది అరుదు. మన చంకబిడ్డ కూర్చుండు తీరు కూడ కీలుకు అనుకూలమైనదే.

అంతమాత్రమున మనకు ముప్పు లేదనరాదు. మెడ నిలిచిన తరువాతనే గదా బిడ్డ చంక ఎక్కును! కీలు భవిష్యత్తు చాలవరకు తేలునది అంతకు పూర్వమే. తొలి వారములలో పట్టుకొన్నచో, చెక్ వైద్యుడు పావ్లిక్ 1940ల దశకమున రూపొందించిన మెత్తని పట్టీలతో సాధారణముగా కీలు కుదురుకొనును. నడక వచ్చువరకు ఆగినచో శస్త్రచికిత్స అవసరము కావచ్చును. ఆస్ట్రియా వైద్యుడు గ్రాఫ్ 1980లో చూపిన శ్రవణాతీత ధ్వని పరీక్షవలన వైద్యుని చేతికి అందని లోపము కూడ కనిపించును.

2013లో భారత ప్రభుత్వము ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము పరీక్షింపవలసిన పుట్టుకలోపములలో తుంటి లోపమును చేర్చెను. పిరుదులు ముందుగా పుట్టిన బిడ్డను, ఇంట ఈ లోపము ఉన్న బిడ్డను, చూపునకు ఎంత ఆరోగ్యముగా ఉన్నను, ఆరు వారములలోపల తుంటి పరీక్షకు చూపవలెను. పొత్తిళ్ళలో కాళ్ళు ముడుచుకొని కదలుటకు చోటు విడువవలెను. ఈ రెండు జాగ్రత్తలకు అగు ఖర్చు స్వల్పము. తప్పునది జీవితకాలపు కుంటు.