ఐదో నిమ్మకాయ

తాళాలు చేతికొచ్చిన రోజు కొత్త కారుని షోరూమ్ నుంచి నేరుగా గుడికి తీసుకెళ్ళాం. పూజారిగారు బానెట్ మీద పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, అద్దం ముందు దండ వేసి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. "నెమ్మదిగా ముందుకి పోనివ్వండి బాబూ" అన్నారు. పోనిచ్చాను. నాలుగూ చితికాయి. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

సరిగ్గా ఇరవయ్యో రోజున ఔటర్ రింగ్ రోడ్డు మీద, శంషాబాద్ దాటాక, డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. బండి వేగం నలభైకి పడిపోయింది. వెనక లారీలు హారన్లు కొడుతుంటే పక్కకి తీసి ఆపాను. సర్వీస్ సెంటర్‌కి చేరేసరికి లైటు ఆరిపోయింది. వాళ్ళు స్కానర్ పెట్టి చూసి "ఫాల్ట్ ఏం లేదు సర్, నార్మలే" అన్నారు. అప్పటి నుంచి పది నెలల్లో ఆరుసార్లు అదే జరిగింది. ఒకసారి సెన్సర్ మార్చారు, ఒకసారి వైరింగ్ చూశారు, రెండుసార్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశారు. మిగతా రెండుసార్లు కారు కడిగి ఇచ్చారు.

మా ఆఫీసులో టెస్టర్లు బగ్ రాస్తే "నా మెషీన్లో బానే పనిచేస్తోందే" అని మూసేసే డెవలపర్లలో నేనూ ఒకణ్ణి. పన్నెండేళ్ళుగా ఆ మాట అంటున్నాను. అవతలి వైపు నిలబడి వినడం మాత్రం ఇదే మొదటిసారి.

డాలస్‌లో ఉన్న కాలేజీ ఫ్రెండుకి ఫోన్లో ఈ గోడు చెప్పుకుంటే వాడు నవ్వాడు. "ఇక్కడ అలాంటి బండిని లెమన్ అంటార్రా. దానికో చట్టం కూడా ఉంది" అన్నాడు. అంటే నాలుగు నిమ్మకాయల్ని తొక్కించి, నేను ఎక్కి కూర్చున్నది ఐదో నిమ్మకాయ మీదన్నమాట. ఈ ఐదో నిమ్మకాయకి ఒక చరిత్ర ఉంటుందని అప్పటిదాకా నాకు తెలీదు.

అమెరికా వాడుకభాషలో పనికిరాని సరుకుని నిమ్మకాయ అనడం ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల నుంచే ఉంది. 1960 ప్రాంతంలో ఫోక్స్‌వాగన్ వాళ్ళు పత్రికల్లో ఒక ప్రకటన వేశారు. పేజీలో బీటిల్ కారు ఫోటో, దాని కింద ఒకే ఒక్క మాట: లెమన్. సొంత కారునే తిట్టుకుంటున్నారేమిటని చదివితే కింద అసలు సంగతి ఉంటుంది. గ్లవ్ బాక్సు మీదున్న క్రోమ్ పట్టీకి మచ్చ పడిందని, అందుకే ఆ కారుని ఫ్యాక్టరీలోనే ఆపేశామని. నిమ్మకాయల్ని మేమే ఏరి పారేస్తాం, మీదాకా రానివ్వం అని చెప్పడం. ప్రకటనల చరిత్ర రాసే ప్రతివాళ్ళూ దీన్ని తల్చుకుంటారు. నాకు మాత్రం ఆ ఏరడం అనే పని దగ్గర ఆలోచన ఆగింది. నిమ్మకాయని ఎవరు ఏరాలి? ఫ్యాక్టరీయా, డీలరా, కొన్నవాడా, లేక వాడి దగ్గర కొనే ఇంకొకడా? చెడ్డ కార్ల చరిత్ర మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగినట్టు కనిపిస్తుంది.

ఈ ప్రశ్నని ఆర్థికశాస్త్రంలోకి తెచ్చినవాడు జార్జ్ అకర్లాఫ్. బర్క్‌లీలో కొత్తగా చేరిన కుర్ర అధ్యాపకుడు. జనం పాత కార్లు వదిలి కొత్తవే ఎందుకు కొంటారు అని ఆలోచించడం మొదలుపెట్టాడు. షోరూమ్ నుంచి బయటికొచ్చిన నెలకే కారు ధర అంతలా ఎందుకు పడిపోతుంది? నెలలో ఏం అరిగిపోయిందని? అరుగుదల వల్ల కాదంటాడు. "నెలకే అమ్ముతున్నాడంటే ఏదో ఉంది" అన్న అనుమానం వల్ల. కొత్త కారు మంచిదో చెడ్డదో మొదటిరోజు కొన్నవాడికీ తెలీదు. అదొక లాటరీ. కొన్నాళ్ళు నడిపాక వాడికి తెలుస్తుంది. ఆ తెలిసినవాడే రేపు అమ్మేవాడు అవుతాడు. కొనేవాడికి తెలీదు కాబట్టి అన్నిటికీ సగటు ధరే ఇస్తాడు. ఆ ధరకి మంచి బండి ఉన్నవాడు అమ్మడు. చెడ్డవే మిగులుతాయి, ధర ఇంకా పడుతుంది. చివరికి బజారే మూతపడొచ్చు.

అకర్లాఫ్ దీన్ని రాసి 1967 జూన్‌లో ఒక పెద్ద పత్రికకి పంపి, ఒక సంవత్సరం పని కోసం మన దేశం వచ్చాడు. ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి. ఇక్కడ ఉండగానే తిరస్కరణ ఉత్తరం అందింది. ఇలాంటి అల్ప విషయాల మీద మేం వ్యాసాలు వేయం అని దాని సారాంశం. ఇంకో రెండు పత్రికలు కూడా తిప్పి పంపాయి. చివరికి 1970 ఆగస్టులో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్ అచ్చువేసింది. 2001లో అకర్లాఫ్‌కి ఇంకో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది.

పదమూడు పేజీల ఆ వ్యాసాన్ని ఒక రాత్రి కూర్చుని చదివాను. అందులో ఒకచోట ఠక్కున ఆగిపోయాను. బజారు బియ్యంలో అదే రంగు, అదే ఆకారంలో ఉండే రాళ్ళని కావాలనే కలుపుతారనీ, భారతదేశంలో గృహిణి వాటిని జాగ్రత్తగా ఏరుకోవాల్సి ఉంటుందనీ రాశాడు. మా నాన్నమ్మ మధ్యాహ్నం పూట వసారాలో కూర్చుని చేటలో బియ్యం పోసుకుని ఏరుతూ ఉండేది. ఎండలో చేట అటూ ఇటూ కదిలేది. అది ఇంటిపని అనుకున్నాను ఇన్నాళ్ళూ. నిజానికి అది కొట్టువాడి మోసానికి ఆవిడ రోజూ కడుతున్న పన్ను. జీతం లేని క్వాలిటీ చెకింగ్.

సరే, అకర్లాఫ్ ఢిల్లీలో ఉన్న ఆ రోజుల్లో ఇక్కడ కొత్త కారు కొనడం ఎలా ఉండేది? ఆయన సిద్ధాంతం ఇక్కడ తలకిందులుగా ఉండేది. 1950ల్లో ప్రభుత్వం సొంతంగా తయారీ చేసే కంపెనీలకే చోటిచ్చేసరికి ఫోర్డ్, జనరల్ మోటార్స్ వెళ్ళిపోయాయి. మిగిలినవి ప్రధానంగా మూడు. ఉత్తరపారా నుంచి అంబాసిడర్, బొంబాయి నుంచి ఫియట్, మద్రాసు నుంచి స్టాండర్డ్ హెరాల్డ్. ఎన్ని కార్లు చేయాలో లైసెన్సు చెప్పేది. ధర మీద కూడా ప్రభుత్వ పట్టు ఉండేది. బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అందుకని కారు చేతికొచ్చినవాడు వెంటనే అమ్మితే కొన్నదానికంటే ఎక్కువే వచ్చేది. అమెరికాలో షోరూమ్ గేటు దాటగానే ధర పడిపోతే, ఇక్కడ గేటు దాటగానే పెరిగేది!

ఇందులో మోసపోవడానికేం లేదు. అంబాసిడర్‌లో హారన్ తప్ప అన్నీ మోగుతాయన్న జోకు దేశమంతా తెలిసినదే. అమ్మేవాడికెంత తెలుసో కొనేవాడికీ అంతే తెలుసు. అయినా జనానికి దొరికింది చెడ్డ కారే. అంటే సమాచారం ఒక్కటే ఉంటే చాలదు. తెలిసి కూడా కాదనలేని పరిస్థితి ఒకటుంటుంది.

మా పెదనాన్న విజయవాడ స్టేషన్ దగ్గర అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు. డిక్కీలో ఫ్యాన్ బెల్టు, ప్లగ్గులు, నీళ్ళ డబ్బా, తాడు ఎప్పుడూ ఉండేవి. ఎండాకాలం పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతే ఫ్యూయల్ పంపు మీద తడిగుడ్డ వేసి, చెట్టు కింద కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. బండి చెడిపోయిందని ఎప్పుడూ అనేవాడు కాదు. "అలిగింది" అనేవాడు. అలిగిందంటే తప్పు కంపెనీది కాదు, బుజ్జగించడం రాని డ్రైవర్‌ది. ఇప్పుడు మనం అంబాసిడర్ గురించి ఎంత ముచ్చటగా చెప్పుకుంటాం! ఏ ఊళ్ళో అయినా బాగుచేసుకోవచ్చు, సుత్తీ స్పానరూ ఉంటే చాలు అని. నిజమే. కానీ ఆ చెట్టు కింద గడిచిన గంటలకి ఎవరూ డబ్బులివ్వలేదు. ఫ్యాక్టరీలో జరగాల్సిన పనిలో కొంత భాగం పెదనాన్న ముప్ఫయ్యేళ్ళు రోడ్డు మీద చేశాడు, నాన్నమ్మ చేటతో చేసినట్టే. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయినప్పుడు పేపర్లన్నీ నివాళులు రాశాయి. పెదనాన్న మాత్రం "పోనీలేరా, దానికీ విశ్రాంతి కావాలిగా" అన్నాడు.

1983 డిసెంబరులో మొదటి మారుతి 800 తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా అందాయి. బండి రోడ్డెక్కకముందే లక్షకు పైగా జనం డబ్బు కట్టి బుక్ చేసుకున్నారు. వాళ్ళు కోరుకున్నది వేగమో హోదానో కాదనుకుంటాను, పొద్దున్నే తాళం తిప్పితే స్టార్టయ్యే బండి. సరిగ్గా ఆ తర్వాతే, 1985లో, మద్రాసు కంపెనీ స్టాండర్డ్ 2000 దించింది. పైన బ్రిటిష్ రోవర్ కారు ఒళ్ళు, లోపల 1940ల నాటి డిజైను ఇంజిను. చూడ్డానికి దొరబాబు, నడిపితే పెట్రోలు తాగే ముసలాయన. కొన్నేళ్ళకే కనుమరుగైంది, కంపెనీ కూడా కోలుకోలేదు. అది పోవడంలో ఒక విశేషం ఉంది. అలాంటి కారు 1967లో వచ్చుంటే ముప్ఫయ్యేళ్ళు అమ్ముడుపోయేదేమో. పక్కన ఇంకో కారు ఉండబట్టి పోయింది. 1993లో కార్లకి లైసెన్సులు ఎత్తేశాక ఇక కంపెనీలు బారులు తీరాయి.

ఎంపిక వచ్చింది కదా, కథ సుఖాంతం అవ్వాలి. కాలేదు. ఎందుకంటే ఈలోపు కారు కంప్యూటర్ అయిపోయింది. పెదనాన్న చెయ్యిపెట్టి చూస్తే ఏది వేడెక్కిందో తెలిసేది. నా కారులో లోపం ఒక కోడ్ నంబరు. అది వచ్చి పోతుంది. వచ్చిందా లేదా అని చదివే స్కానర్ ఉన్నది వాళ్ళ చేతిలో. లోపం బండిలో ఉంది, దాని సాక్ష్యం మాత్రం అమ్మినవాడి దగ్గర ఉంది. తడిగుడ్డ వేద్దామన్నా ఎక్కడ వేయాలి?

ఇలాంటి చోటే చట్టం రావాలి. అమెరికాలో వచ్చింది. అకర్లాఫ్ వ్యాసం అచ్చయిన 1970లోనే కాలిఫోర్నియా వారంటీల మీద ఒక చట్టం చేసింది. 1975లో ఫెడరల్ చట్టం వచ్చింది. 1982లో కనెటికట్ రాష్ట్రం కార్ల కోసమే లెమన్ లా తెచ్చింది. తర్వాత మిగతా రాష్ట్రాలన్నీ తమ తమ రూపాల్లో తెచ్చుకున్నాయి. చాలాచోట్ల సూత్రం ఇంచుమించు ఒకటే. కొత్తలో ఒకే లోపానికి మూడు నాలుగుసార్లు తిప్పినా బాగుకాకపోతే, లేదా మొత్తం 30 రోజులు షెడ్డులోనే ఉంటే, కారైనా మార్చివ్వాలి, డబ్బయినా వెనక్కివ్వాలి. దీని గొప్పతనం ఆ లెక్కలో ఉంది. లోపం ఎందుకు వచ్చిందో కొన్నవాడు తేల్చక్కర్లేదు. ఎన్నిసార్లు తిరిగాడో చూపిస్తే చాలు. అలా వెనక్కి తీసుకున్న కారుని మళ్ళీ అమ్మేటప్పుడు దాని కాగితాల మీద ఆ సంగతి ముద్రవేయాలని కూడా చాలా రాష్ట్రాల్లో నియమం. అంటే నిమ్మకాయకి నిమ్మకాయ అని పేరు రాసి అమ్మాలి.

మనకి 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. చిన్న విషయమేం కాదు. స్టాంపు పేపర్లూ ఏళ్ళ వాయిదాలూ లేకుండా మామూలు మనిషి జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోగలగాలన్నది దాని ఆశ. 2019 చట్టం తయారీదారు బాధ్యతకి ఒక అధ్యాయమే కేటాయించింది. కానీ కార్లకని విడిగా లెమన్ లా లేదు. తయారీ లోపం ఉందని నిరూపించే భారం సాధారణంగా ఫిర్యాదుదారుడిదే, అది కూడా నిపుణుడి నివేదికతో. 2006లో సుప్రీం కోర్టు ఒక క్లచ్ కేసులో వారంటీ కాగితం చూసి, చెడిన భాగం మార్చడమే కంపెనీ ఒప్పుకున్నది, కారు మొత్తం మార్చమనడం కుదరదు అంది. అంటే లెక్క ఎన్నిసార్లు తిరిగావన్నది కాదు, ఏం చెడిందో చూపించగలవా అన్నది. చేట మళ్ళీ మన చేతిలోనే.

ఇదంతా చదివే రోజుల్లోనే ఒక ఎక్స్‌ఛేంజ్ కంపెనీ అబ్బాయి ఇంటికొచ్చాడు. ఇరవై నిమిషాలు కారు చుట్టూ తిరిగాడు, ఒక రౌండు నడిపాడు, చక్కటి ధర చెప్పాడు. పసుపు లైటు వెలగలేదు. ఆ మర్నాడు ఆఫీసులో జూనియర్ ఒకతను వచ్చాడు. "అన్నా, బండి ఇచ్చేస్తున్నావంట కదా, వాళ్ళకంటే పదివేలు ఎక్కువిస్తా. మా ఆవిడకి ఏడో నెల, హాస్పిటల్‌కి తిప్పాలి" అన్నాడు. టెస్ట్ డ్రైవ్ చేశాడు. అప్పుడూ వెలగలేదు. అతను సీటు వెనక్కీ ముందుకీ జరుపుకుంటూ మురిసిపోతుంటే అకర్లాఫ్ వ్యాసంలో నేనెక్కడున్నానో అర్థమైంది. పది నెలలు నడిపి, అసలు సంగతి తెలుసుకుని, ఇప్పుడు అమ్ముతున్నవాణ్ణి నేనే. "రేపు చెప్తా" అన్నాను.

రాత్రి పెదనాన్నకి ఫోన్ చేశాను. సలహా అడగలేదు, ఊరికే చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మా నాన్న ఒకసారి పొడిచే ఎద్దుని ఆ మాట చెప్పకుండా సంతలో అమ్మేశాడ్రా. కొన్నాయన పళ్ళు చూశాడు, సుళ్ళు చూశాడు. పొడుస్తదని ఏడ రాసుంటది? ఆ తర్వాత మా నాన్న మళ్ళా ఆ సంతకి పోలా. దూరమైనా వేరే సంతకి పోయేవాడు."

మర్నాడు జూనియర్‌ని కాంటీన్‌లో కూర్చోబెట్టి ఆరు జాబ్ కార్డులూ ముందు పెట్టాను. ఒక్కొక్కటే చదివాడు. "థాంక్స్ అన్నా" అని లేచి, రెండడుగులు వేసి, "టీ బిల్లు నేనిస్తాలే" అన్నాడు. కొనలేదు.

ఆ ఆరు జాబ్ కార్డులనే జిరాక్సు తీసి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకి జతచేశాను. వచ్చే నెలలో మొదటి వాయిదా. కారులో వెళ్ళాలా, మెట్రోలో వెళ్ళాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.