పశువైద్యుని మలి చదువు

పశువైద్యుడు పట్టా పుచ్చుకొని కళాశాల గడప దాటిన తరువాత మరల చదువుకొనవలసినది ఏమున్నదని చాలామంది అనుకొంటారు. ఎద్దు ఎద్దే, మేక మేకే. వేయి సంవత్సరాల క్రింద వాటి శరీరం ఎట్లా ఉండేదో నేడూ ఇంచుమించు అట్లాగే ఉన్నది. కాని వాటికి వచ్చే జబ్బులు అట్లా ఒకచోట నిలిచి ఉండేవి కావు. ఒక వ్యాధి లోకం నుంచి తొలగిపోతుంది. అంతవరకు పేరు వినని మరొకటి ఊరి పొలిమేరలో కనబడుతుంది. నిన్నటి మంచి మందు నేడు నిషిద్ధమవుతుంది. గొర్రెల మందలకు పేరుపడిన సిద్దిపేట ప్రాంతాన్ని మనసులో ఉంచుకొని, గడచిన డెబ్బది ఏళ్ళలో మన పశువైద్యులు కొత్తగా ఏమి నేర్చుకొన్నారో, నేర్చినదానిలో దేనిని విడిచిపెట్టవలసి వచ్చిందో చెప్పడం ఈ ప్రసంగం ఉద్దేశం. ఆ రెండవదే కష్టమైన చదువని నా అభిప్రాయం.

సిద్దిపేట 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లా కేంద్రమైంది. అంతకు పూర్వం మెదకు జిల్లాలోనిది. మెట్ట భూములు, చెరువులు, గుట్టలు గల నాడు ఇది. గొల్లలు, కురుమలు ఇక్కడ తరతరాలుగా మందలు కాస్తున్నారు. వారి ఇలవేల్పు కొమురవెల్లి మల్లన్న ఈ జిల్లాలోనే వెలసి ఉన్నాడు. సంక్రాంతి మొదలు ఉగాది దాకా ఆయన జాతర సాగుతుంది. సిద్దిపేట నేతగాండ్రు చీర అంచు మీద నేసే బొమ్మ కూడ నెత్తిన కుండ పెట్టుకొన్న గొల్లభామే. ఇట్టి సీమలో ఒక మంద పడిపోవడమంటే ఒక కుటుంబం బ్రతుకుతెరువు పడిపోవడమే.

పశువుల వైద్యం మనకు కొత్తది కాదు. తెలుగులో మనుమంచిభట్టు రచించిన హయలక్షణసారము ఉన్నది. అయితే అది గుర్రాలను గురించినది. గుర్రం రాజుగారి సొత్తు గనుక దానికి గ్రంథం పుట్టింది. సేద్యగాని ఎద్దుకు, గొల్లవాని గొర్రెకు మాత్రం మందపెద్ద చెప్పే ఆకుపసరు, కాల్చి పెట్టే వాత, గ్రామదేవతకు మొక్కు ఇవే మిగిలినవి. ఆంగ్లేయుల ప్రభుత్వం వచ్చిన తరువాత కూడ మొదట పట్టించుకొన్నది సైన్యపు గుర్రాలనే. 1871లో పశువుల మారిని గూర్చి విచారించిన సంఘం నివేదిక వెలువడిన తరువాతనే ఎద్దులు, ఆవుల సంగతి సర్కారు దృష్టికి గట్టిగా వచ్చింది. 1882లో లాహోరులో, 1903లో మద్రాసులో పశువైద్య విద్యాలయాలు వెలసినవి. హైదరాబాదులో కళాశాల స్థాపితమైనది 1946లో. అది 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనికి, 2005లో తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయంలోనికి చేరి, నేడు 2014లో పుట్టిన పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగమై ఉన్నది.

హైదరాబాదు కళాశాల తొలినాటి పట్టభద్రులకు ఎదురైన ప్రధాన శత్రువు ముసర రోగం. పెద్దరోగమని కూడ దీనిని మన రైతులు పిలిచేవారు. తీవ్రమైన జ్వరం, కన్నుల వెంట నీరు, నోట పుండ్లు, ఆగని పారుడు. వారం పది దినాలలో ప్రాణం పోయేది. ఒక ఊరిలో ప్రవేశిస్తే కొట్టాలు ఖాళీ అయ్యేవి. 1920ల చివర ముక్తేశ్వర ప్రయోగశాలలో ఎడ్వర్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు ఈ వ్యాధి వైరసును మేకలలో పెంచి, బలహీనపరచి టీకాగా తయారు చేశాడు. 1954లో జాతీయ ముసర నిర్మూలన కార్యక్రమం ఆరంభమైనప్పుడు ప్రధానమైన ఆయుధం ఈ మేక టీకాయే. మంచుగడ్డలు నింపిన డబ్బాలతో, సైకిళ్ళ మీద, కాలినడకన టీకాలు వేసేవారు ఊరూరా తిరిగారు. నీటిలో కలిపిన మందు ఎండకు వేడెక్కితే సూది వేసినా వేయనట్టే. పుస్తకంలో ఒక వాక్యంగా చదివిన ఈ సంగతిని ఏప్రిలు మాసంలో తెలంగాణ మెట్ట నేలల మీద పాటించడం ఎంతటి పనియో ఊహించుకోవచ్చును.

తరువాత జెర్సీ, హోల్‌స్టీన్ రక్తం కలిసిన సంకర జాతి ఆవులు పాడి కోసం ఊళ్ళకు రాసాగినవి. నాటు పశువు సులభంగా తట్టుకొన్న మేక టీకాను ఈ సంకర పశువులు తట్టుకోలేక తీవ్రంగా జబ్బుపడేవి. వీటికి వేరు టీకా కావలసి వచ్చింది. 1960 ప్రాంతంలో ఆఫ్రికాలోని కెన్యాలో వాల్టర్ ప్లౌరైట్ కణజాలంలో పెంచి తయారు చేసిన టీకా ఆ చిక్కును విప్పింది. పట్టా నాడు ఒక టీకా నేర్చినవారు ఉద్యోగం మధ్యలో మరొక దానిని నేర్చుకొన్నారు. ఇంతవరకు చదువు కూడికగానే ఉన్నది. తీసివేత తరువాత వచ్చింది.

మన దేశంలో చివరిసారి ముసర రోగం కనబడినది 1995లో, తమిళనాడులో. ఆ దశలో పశువైద్యులకు అందిన ఆదేశం విచిత్రంగా తోచేది: ఇకమీదట టీకా వేయవద్దు! కారణం ఉన్నది. టీకా పడిన పశువు రక్తంలోను, రోగం సోకి బ్రతికిన పశువు రక్తంలోను కనిపించే ప్రతిరక్షకాలు ఒక్కటే. టీకా వేస్తూనే ఉంటే దేశంలో రోగం లేదని నిరూపించడం అసాధ్యం. కనుక టీకా మాని, ప్రతి అనుమానపు కేసును వెదకి, రక్తం తీసి, పరీక్షకు పంపాలి. నలుబది ఏళ్ళుగా సూదియే కర్తవ్యమని బోధించిన శాఖ, ఇప్పుడు సూది మూసి పెట్టి కన్నులు తెరవమన్నది. రైతు అడిగినా లేదనవలసి వచ్చింది. 2006లో భారతదేశం ఆ రోగం సోకు లేని దేశంగా గుర్తింపు పొందింది. 2011లో ప్రపంచమంతటి నుంచి అది తొలగిందని ప్రకటించారు. మనుష్యుల మశూచి తరువాత మానవుడు నిర్మూలించిన రెండవ వ్యాధి అది ఒక్కటే.

ఈ కథకు గొర్రెల మందలలో ఒక ఉపకథ ఉన్నది. మన సిద్దిపేటకు సంబంధించినంతవరకు అసలు కథ అదే. దక్షిణ దేశంలో గొర్రెలకు, మేకలకు జ్వరం, ముక్కు కారడం, నోటి పూత, పారుడు కలిసి వచ్చి మందలు చనిపోయేవి. పాఠ్యగ్రంథం ప్రకారం లక్షణాలు ముసరవే గనుక వైద్యులు దానిని ముసరగానే వ్రాసుకొన్నారు. 1942లోనే పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్టులో ఇట్టి రోగాన్ని వేరుగా గుర్తించి వర్ణించారు. అది ఆఫ్రికాకు పరిమితమైనదని లోకం భావించింది. 1987లో తమిళనాడులోని అరసూరు గ్రామపు గొర్రెలలో అదే వైరసు ఉన్నట్టు తేలింది. పి.పి.ఆర్. అని శాస్త్రజ్ఞులు, పారుడు రోగమని మన కాపరులు పిలిచేది ఇదే. ముసర వైరసుకు దగ్గరి చుట్టం, కాని వేరు. అంతకు మునుపు ముసరగా లెక్కకెక్కిన గొర్రెల చావులలో కొన్నయినా ఈ రోగపువే అయి ఉండవచ్చునని పరిశోధకులు తరువాత అన్నారు.

పొరబాటు ఎవరిదీ కాదు. చూచే కన్నుకు పుస్తకం ఇచ్చిన పేరు ఒక్కటే. కాని ఫలితం చిన్నది కాదు. ముసర లేని దేశమని నిరూపించదలచిన వేళ గొర్రెలలో ముసర అని ఒక్క నివేదిక వెళ్ళినా చిక్కే. పైగా చుట్టరికం వల్ల ముసర టీకా గొర్రెలను పారుడు నుంచి కూడ కాపాడేది. చేతిలో ఉన్న ఆ రక్షణను కూడ విడిచిపెట్టవలసి వచ్చింది, గొర్రె రక్తంలో ముసర ప్రతిరక్షకాలు కనబడకుండా ఉండేందుకు. ఆ వెలితి మన దేశపు వైరసులతోనే తయారైన పారుడు టీకాలు వచ్చిన తరువాత తీరింది. హైదరాబాదు శాంతినగరులోని పశు జీవ పరిశోధన సంస్థ వంటి ప్రభుత్వ సంస్థలు వాటిని తయారు చేసి పంచుతున్నవి. చిటుకు రోగానికి, మశూచికి, వానలు వెనుకబట్టిన తరువాత చిన్న దోమల వల్ల వ్యాపించే నీలి నాలుకకు వేరు వేరు టీకాలు, వేరు వేరు కాలాలు. వీటన్నిటిని ఒకదానితో ఒకటి పొరబడకుండా గుర్తించడం గొర్రెల నాట పనిచేసే వైద్యునికి నిత్య పరీక్ష.

పట్నాల ఇళ్ళలో కుక్కలను పెంచే శ్రోతలకు ఈ గొర్రెల గొడవ దూరమైనదిగా తోచవచ్చును. వారికొక సంగతి. కుక్కపిల్లలను రక్తపు విరేచనాలతో రెండు మూడు రోజులలో చంపే పార్వో వ్యాధి 1978కి ముందు వైద్యలోకానికి తెలియనే తెలియదు. ఆ ఏడు అది ప్రపంచంలో పలుచోట్ల ఒక్కసారిగా కనబడింది; 1980వ దశకం తొలినాళ్ళకే మన దేశానికీ చేరింది. 1975లో పట్టా పొందిన వైద్యుడు ఎంత శ్రద్ధగా చదివినవాడైనా అతని గ్రంథాలలో ఆ పేరు లేదు. నేడు మీరు పిల్లకు వేయిస్తున్న టీకా, ఆయన పట్టా తరువాత చదివిన చదువు ఫలమే.

ఇక మందుల మాట. నొప్పికి, వాపుకు డైక్లోఫినాక్ సూది పశువులకు విరివిగా వాడేవారు. చవకైనది, వెంటనే గుణమిచ్చేది. దానిని వాడిన వైద్యుని తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇంతలో ఊరి బయట కళేబరాల మీద వాలే రాబందులు తగ్గిపోసాగినవి. తొంబది అయిదు పాళ్ళకు మించి కొన్ని జాతులు నశించినవి. కారణం 2004లో బయటపడింది: ఆ సూది పడి చనిపోయిన పశువు మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు చెడి మరణిస్తున్నది. 2006లో పశువులకు ఆ మందు తయారీని భారత ప్రభుత్వం నిషేధించింది. మనుష్యుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు మళ్ళుతున్నవని 2015లో ఆ సీసాల పరిమాణాన్ని కూడ కుదించవలసి వచ్చింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ కూడ పశువుల విషయంలో నిషేధం పాలయినవి. నిషేధం కాగితం మీద ఒక దినంలో పుడుతుంది. ఇరువది ఏళ్ళ చేతివాటం మారడానికి మాత్రం ఎవరో ఒకరు వైద్యుని కూర్చోబెట్టి ఎందుకు మానాలో, బదులు మెలాక్సికామ్ ఎట్లా వాడాలో చెప్పాలి. తెలంగాణలో పొడుగు ముక్కు రాబందులు కొమురం భీం ఆసిఫాబాదు జిల్లా బెజ్జూరు అడవులలోని పాలరాపు గుట్టను ఆశ్రయించి మిగిలినవి. సిద్దిపేట పల్లెలలో పెద్దలకు రాబందు ఒక జ్ఞాపకం మాత్రమే.

ఇట్లా కూర్చోబెట్టి చెప్పే బాధ్యత ఎవరిది? 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం వృత్తికి ఒక నమోదును, ఒక క్రమశిక్షణను ఏర్పరచింది. వృత్తి నైపుణ్యాభివృద్ధి పేరుతో కేంద్ర ప్రభుత్వం సాయమందించే పథకంలో, ఉద్యోగంలో ఉన్న వైద్యుల నిరంతర విద్యకు కూడ చోటు కల్పించారు. రాజేంద్రనగరులో విశ్వవిద్యాలయం, విస్తరణ విద్యా సంస్థ, జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ దగ్గర దగ్గరగానే ఉన్నవి. చెప్పేవారికి కొదువ లేదు. చిక్కు వినవలసినవాని వద్ద ఉన్నది. ఒక్క వైద్యుడే ఉండే పల్లె చికిత్సాలయాన్ని మూడు రోజులు విడిచి ఆయన శిక్షణకు వెళితే, ఆ మూడు రోజులలో అడ్డం తిరిగిన దూడను ఎవరు తీస్తారు? ఈ ప్రశ్నకు సమాధానం చూపకుండా శిక్షణకు రాలేదని వైద్యుని నిందించడం న్యాయం కాదు. 2017లో తెలంగాణలో 1962 అనే టెలిఫోను సంఖ్యతో సంచార పశువైద్య వాహనాలు ఆరంభమైనవి. వైద్యాన్ని ఊరికి చేర్చినట్టే చదువును వైద్యునికి చేర్చే ఏర్పాటు కూడ కావాలి.

అదే 2017లో, జూన్ 20వ తేదీన, గొర్రెల పంపిణీ పథకాన్ని సిద్దిపేట జిల్లా కొండపాకలోనే ప్రారంభించారు. ఒక్కొక్క కుటుంబానికి ఇరువది ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు. లక్షా 25 వేల రూపాయల విలువలో మూడు వంతులు ప్రభుత్వం భరించింది. గొర్రెలను ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడు నుంచి లారీలలో తెచ్చారు. 2019 పశుగణనలో తెలంగాణ ఒక కోటి 90 లక్షల గొర్రెలతో దేశంలో ప్రథమ స్థానం పొందింది. ఆ పథకపు లావాదేవీల మీద తరువాత వచ్చిన ఆరోపణలు, విచారణలు వేరే చర్చ. వైద్యుని దృష్టిలో ఇది ఒక పెద్ద కదలిక: నాలుగు రాష్ట్రాల మందలు, నాలుగు నీళ్ళు, నాలుగు చోట్ల సూక్ష్మజీవులు ఒక గ్రామపు దొడ్డిలో కలియడం. ప్రయాణపు బడలికతో దిగిన గొర్రెకు పారుడు రోగం సులభంగా సోకుతుంది. దిగిన దినమే దేనిని వేరుగా కట్టాలో, దేనికి ఏ టీకా ఎప్పుడు వేయాలో ఏ పాఠ్యగ్రంథమూ కొండపాక కోసం వ్రాసి పెట్టలేదు.

పథకం వచ్చిన రెండేళ్ళకు, 2019లో, ముద్ద చర్మ వ్యాధి ఒడిశాలో తొలిసారి మన దేశంలో కనబడింది. ఆఫ్రికాలో 1929 నుంచి తెలిసిన ఈ వ్యాధిని మన విద్యార్థులు అన్యదేశపు సంగతిగా చదివి పరీక్ష వ్రాసినవారే. ఆవుల ఒంటి మీద బిళ్ళలు లేచినప్పుడు ఆ పాఠాన్ని వెదకి తీసుకోవలసి వచ్చింది. సరియైన టీకా చేతికి వచ్చేవరకు మేకల మశూచి టీకాతోనే ఆవులను కాపాడుకొన్నారు.

పారుడు రోగాన్ని 2030 నాటికి ప్రపంచం నుంచి తొలగించాలని 2015లో అంతర్జాతీయ సంస్థలు సంకల్పించినవి. ఆ గడువు నిలుస్తుందో లేదో గాని, ఎప్పుడు నిలిచినా చివరి అంకం ముసర నాటిదే అవుతుంది. మొదట ఇంటింటా టీకా, ఆ తరువాత ఒక దినాన టీకా ఆపుమని ఆజ్ఞ. కొమురవెల్లి జాతరకు మంద తోలుకొనివచ్చిన కాపరి సూది వేయమని అడిగితే, ఎందుకు వేయకూడదో ఆనాటి వైద్యుడు అతనికి నచ్చజెప్పవలసి ఉంటుంది.